కడుపుతో ఉన్నప్పుడు, కాన్పయ్యాక బరువు చూసుకోడానికి ఏ యాప్, ఏ మెషిన్ తీసుకోవాల: తిరుపతి నుంచి నా పోలిక

పోయిన ఆదివారం పలమనేరు నుంచి మా మరదలు ఫోన్ చేసింది, దానికిప్పుడు ఐదో నెల. "వదినా, ఫోన్లో మూడు యాప్‌లు వేసుకున్నా, ఒకటేమో బరువు ఎక్కువుండావు అంటాది, ఇంకొకటి సరిగ్గానే ఉండావు అంటాది, మూడోది డబ్బు కడితేనే చెప్తానంటాది, ఏది నమ్మేది" అని అడిగింది. గంటసేపు మాట్లాడుకున్నాం. ఇదే మాట మా స్కూల్లో టీచర్లు, బైరాగిపట్టెడలో మా వీధి ఆడపిల్లలు కూడా అడుగుతా ఉంటారు, అందుకే దానికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని, రెండు కాన్పుల్లోనూ ఇవన్నీ చేత్తో వాడి చూసినదాన్ని, అంతే.

పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు జరిగింది ముందు చెప్పాల. ఒక క్యాలరీ యాప్ వేసుకుని ఎత్తు 157, బరువు 58 అని కొట్టినా. రోజుకు 1200 క్యాలరీలు తినమని చూపించింది, కడుపుతో ఉన్నారా అని యాడా అడగలేదు. నేనూ ఆలోచించలేదు, ఫోన్ చెప్తోంది గదా అని మూడు వారాలు పొద్దున ఓట్స్, రాత్రి ఒక్క పుల్కా తిని పడుకున్నా, అదీ ఐదో నెలలో. చెకప్‌కి పోతే బరువు 300 గ్రాములు కూడా పెరగలేదు. డాక్టరమ్మ ఏం తింటున్నావమ్మా అని అడిగితే ఫోన్ చూపించినా, ఆమె ఆ అంకె చూసి "ఇది సన్నబడాలనుకునే వాళ్ళకు వేసిన లెక్క, కడుపుతో ఉన్న నీకు కాదు" అన్నారు. హైదరాబాద్‌లో ఉండే జాతీయ పోషకాహార సంస్థ, అదే మనం ఎన్ఐఎన్ అంటామే, వాళ్ళు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దగా శ్రమలేని పని చేసే ఆడమనిషికి మామూలు రోజుల్లోనే 1660 క్యాలరీలు కావాల, కడుపుతో ఉంటే దాని మీద ఇంకో 350, పాలిచ్చే మొదటి ఆరు నెలలు 600, ఆ తర్వాత ఆరు నెలలు 520 ఎక్కువ కావాల. అంటే నాకు 2000 కావాల్సిన టైంలో నేను 1200 తిన్నానన్నమాట. ఆ తర్వాత భయపడిపోయి ఇద్దరి తిండి తినాలని అటు పక్కకు పోయినా, కాన్పు టైంకి మొత్తం 19 కిలోలు పెరిగినా. అప్పట్నుంచి నాకు అర్థమైంది ఒకటే, ఏ యాప్ అయినా వేసుకునే ముందు అది ఎవరి కోసం తయారుచేసిందో చూడాల. బరువు తగ్గించే యాప్ కడుపుతో ఉన్నవాళ్ళకు పనికిరాదు, సెట్టింగ్స్‌లో కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా అని చెప్పుకోడానికి చోటు లేకపోతే దాన్ని ఆ రోజే తీసేయండి.

ఇంక మరదలి మొదటి ప్రశ్న, ఒక యాప్ ఎక్కువంటది ఒక యాప్ సరే అంటది ఎందుకు అని. ఇది యాప్ తప్పు కాదు, కొలత తేడా. కడుపు రాకముందు ఉన్న బరువును, కిలోల్లో, ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే, ఎత్తు మీటర్లలో పెట్టుకోవాల, వచ్చేది బీఎంఐ. ప్రపంచమంతా వాడే కొలతలో 25 దాటితే ఎక్కువ బరువు. మన దేశంలో డాక్టర్లు 23 దాటితేనే ఎక్కువ అంటారు, 25 దాటితే ఊబకాయం అంటారు, ఎందుకంటే మనవాళ్ళకు తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు, షుగరు వచ్చేస్తాయి. నా సంగతే చూడండి, 157 ఎత్తుకు 58 కిలోలంటే 23.5, బయటి యాప్ లెక్కలో నేను మామూలు, మన డాక్టరు లెక్కలో గీత దాటినదాన్ని. కాబట్టి యాప్‌లో ఆకుపచ్చ రంగు వచ్చింది గదా అని ఊరుకోవద్దు, డాక్టర్ని మీ నోటితో అడగండి, నేను మొత్తం ఎన్ని కిలోలు పెరగొచ్చు అని. ఆ అంకె చెకప్ పుస్తకం మొదటి పేజీలో రాయించుకోండి.

చాలా యాప్‌ల వెనక ఉండేది అమెరికాలో 2009లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వాళ్ళు ఇచ్చిన పట్టిక. బీఎంఐ 18.5 కన్నా తక్కువుంటే 12.5 నుంచి 18 కిలోలు పెరగాల, 18.5 నుంచి 24.9 దాకా ఉంటే 11.5 నుంచి 16, 25 నుంచి 29.9 అయితే 7 నుంచి 11.5, 30 దాటితే 5 నుంచి 9. ఇది ఒక్క బిడ్డకు, కవలలకు వేరే లెక్క. మొదటి మూడు నెలల్లో అర కిలో నుంచి రెండు కిలోలు చాలు, వాంతులయ్యే వాళ్ళకు అది కూడా పెరగదు, ఒకటి అర తగ్గుతుంది కూడా. కానీ ఉన్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గిపోతే, అంటే 60 కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, నీళ్ళు కూడా నిలవకపోతే, అప్పుడు యాప్‌లో టిప్స్ చదువుకుంటా కూర్చోకూడదు, ఆసుపత్రికి పోవాల. నాలుగో నెల నుంచి మామూలు బరువు వాళ్ళు వారానికి దగ్గర దగ్గర 400 గ్రాములు, ఎక్కువ బరువు వాళ్ళు 300 గ్రాముల లోపు పెరిగితే సరిపోతుంది.

ఇప్పుడు కొనే వస్తువుల దగ్గరకొస్తా. బరువు చూసుకునే మెషిన్లు రెండు రకాలు, ఒకటి అంకె మాత్రం చూపించే మామూలు డిజిటల్ మెషిన్, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఇంకొకటి బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసేది, కొవ్వు ఎంత, నీరు ఎంత, కండ ఎంత అని పది లెక్కలు చూపించేది, దానికి ఇంకో వెయ్యో రెండు వేలో ఎక్కువవుతుంది. ఈ రెండోది ఎట్లా పని చేస్తుందంటే మనం ఉత్త కాళ్ళతో నిలబడినప్పుడు ఒంట్లోకి చాలా చిన్న కరెంటు పంపించి అది ఎంత అడ్డు పడుతుందో చూసి కొవ్వు ఇంత అని అంచనా వేస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతుంది, ఉమ్మనీరు ఉంటుంది, కాళ్ళకు నీరు దిగుతుంది, అప్పుడు ఆ అంచనాకు అర్థమే లేదు, చాలా కంపెనీల వాళ్ళు కూడా గర్భిణులు ఆ కొవ్వు కొలత వాడొద్దని పెట్టెలో ఇచ్చే కాయితంలోనే రాస్తారు, ఆ కాయితం ఎవరూ చదవరు. కాబట్టి నా ఎంపిక మామూలు మెషిన్. ఇంట్లో ముందే స్మార్ట్‌ది ఉంటే పారేయక్కర్లేదు, కరెంటు పంపకుండా బరువు మాత్రం చూసే మోడ్ కొన్నిటిలో ఉంటుంది, అది పెట్టుకోండి, లేదంటే దాన్ని కాన్పయ్యేదాకా పక్కన పెట్టండి.

మెషిన్ కన్నా ఎట్లా నిలబడతామన్నది ముఖ్యం. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, నేను సోమవారం పెట్టుకున్నా, పొద్దున లేచి బాత్రూంకి పోయొచ్చి, ఏమీ తినకముందు, అదే నైటీతో, బండల మీద, చాప మీదో దుప్పటి మీదో కాదు. ఆసుపత్రిలో మెషిన్‌కి మన ఇంట్లో మెషిన్‌కి కిలో రెండు కిలోలు తేడా వస్తుంది, టిఫిను తిని, చీర కట్టుకుని, చేతిలో బ్యాగుతో అక్కడ నిలబడతాం గదా, అందుకని ఆ రెండు అంకెలు కలపొద్దు, ఇంట్లోది ఇంట్లోదానితోనే పోల్చుకోండి. రోజూ చూసుకునే వాళ్ళకు ఒక మాట, ఒక రోజు పప్పులో ఉప్పు ఎక్కువైనా, మలబద్ధకం ఉన్నా అంకె పైకి పోతుంది, దానికి కంగారు పడి రాత్రి అన్నం మానేస్తారు, రోజూ ఎక్కొద్దు.

ఆ అంకె యాడ రాసేది అంటే, చిన్నదాని కాన్పప్పుడు నాకు బాగా పనిచేసింది ఫోన్లో గూగుల్ షీట్ ఒకటి. మా ఆయన దాంట్లో రెండు గీతలు గీసిచ్చినాడు, పై గీత, కింది గీత, డాక్టరమ్మ చెప్పిన హద్దులు అవి. అప్పుడు నేను 63తో మొదలయ్యా, ఎనిమిది నుంచి పది కిలోల లోపు అని చెప్పినారు. నా చుక్క ఆ రెండు గీతల మధ్య పోతా ఉంటే చాలు, ఒక్క వారం చుక్క బయటకు పోయినా ఏం కాదు, రెండు మూడు వారాలు వరసగా పోతే అడగాల. ఇది రాదు అనుకునేవాళ్ళకు గోడ మీద క్యాలెండర్ చాలు, సోమవారం గడిలో అంకె రాసి నెలకొకసారి ఫొటో తీసి పెట్టుకోండి. అంగన్వాడీలో, ఏఎన్ఎం దగ్గర ఇచ్చే తల్లీబిడ్డ కార్డులో కూడా బరువుకు గడి ఉంటుంది, ప్రతిసారీ అది నింపించుకోండి, చాలాసార్లు జనం ఎక్కువుంటే వదిలేస్తారు, మనమే అడగాల. ప్రతి నెలా 9వ తేదీ సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు చూసే రోజు ఉంటుంది, 2016 నుంచి నడుస్తోంది, ఆ రోజుకు ఈ ఫొటో తీసుకుపోతే డాక్టరు ఒక్క చూపులో మొత్తం చూసేస్తారు. పెద్ద పెద్ద యాప్‌లలో ఉండే గ్రాఫ్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే దాన్ని ఎవరూ చూడరు. అంకెను ఒక మనిషి చూడాల, అప్పుడే దానికి విలువ. నేను ఏ వస్తువు గురించి చెప్పినా ఈ ఒక్క కొలతతోనే చెప్తున్నా.

స్మార్ట్ వాచ్ కొనాలని మూడు నాలుగు వేలు దాచుకున్నవాళ్ళుంటే, నేను చేతులు పట్టుకుని చెప్పేది, ఆ డబ్బుతో ముందు జబ్బకు పట్టీ చుట్టే బీపీ మెషిన్ కొనండి. దీనికీ బరువుకూ ఏం సంబంధం అంటారేమో, చాలా ఉంది. ఏడో నెల తర్వాత ఒక్క వారంలో కిలో, కిలోన్నర గబుక్కున పెరిగితే అది తిండి వల్ల కాకపోవచ్చు, ఒంట్లో నీరు చేరడం కావచ్చు, గుర్రపువాతం, అంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ఫిట్స్, దానికి ముందర వచ్చే బీపీ కావచ్చు. మొహం, చేతులు ఉబ్బడం, గాజులు బిగుసుకుపోవడం, తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, మసక, రొమ్ముల కింద పొట్ట పైభాగంలో నొప్పి, వీటిలో ఏది ఉన్నా, బీపీలో పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ వచ్చినా, ఆ రోజే ఆసుపత్రికి పోవాల, రేపు చెకప్ ఉంది గదా అని ఆగొద్దు, రాత్రయితే 108కి చేయండి. కాన్పయ్యాక మొదటి వారాల్లో కూడా ఇది వస్తుంది, కాన్పయిపోయింది గదా అని మెషిన్ బీరువాలో పెట్టేయొద్దు. చేతి వాచ్‌లో చూపించే బీపీని మాత్రం నమ్మొద్దు.

వాచ్ అసలు వద్దా అంటే, అడుగులు లెక్కపెట్టడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ పని జేబులో ఫోన్ కూడా చేస్తుంది, గూగుల్ ఫిట్ లాంటివి ఫ్రీ. క్యాలరీలు ఇన్ని ఖర్చయినాయి అని వాచ్ చూపించే అంకె మాత్రం పక్కన పెట్టండి, 2017లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు రకాల బ్యాండ్లు పరీక్ష చేస్తే గుండె కొట్టుకునే లెక్క చాలావాటిలో దగ్గరగా వచ్చింది గానీ క్యాలరీల్లో అన్నిటికన్నా మేలైనది కూడా సగటున నూటికి 27 తేడా చూపించింది. అన్ని క్యాలరీలు కరిగినాయి గదా అని ఇంకో లడ్డు తింటే లెక్క తప్పుతుంది. పైగా కడుపుతో ఉన్నప్పుడు గుండె మామూలుగానే నిమిషానికి పది ఇరవై సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, వాచ్ దాన్ని కసరత్తు అనుకుంటుంది. దానికన్నా నడుస్తా నడుస్తా పక్కనోళ్ళతో ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతున్నామా అని చూసుకుంటే చాలు, మాట తడబడితే నిదానించాల. డాక్టర్ వద్దనకపోతే వారానికి 150 నిమిషాల నడక కడుపుతో ఉన్నవాళ్ళకు మంచిది, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మన తిరుపతి ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరున్నర లోపల ఎస్వీ యూనివర్సిటీలో చెట్ల కింద నడిచి వచ్చేయండి, పదివేల అడుగులు కాలేదని సాయంత్రం మళ్ళీ వేడి రోడ్డు మీద నడవక్కర్లేదు, ఆ పదివేలు మన కోసం పెట్టిన అంకె కాదు.

క్యాలరీ యాప్‌ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాల, ఎందుకంటే అందరూ డబ్బులు పోసేది ఇక్కడే. మై ఫిట్‌నెస్ పాల్ లాంటి బయటి యాప్‌లో చాలా వంటల లెక్కలు వాడేవాళ్ళే ఎక్కించినవి, అందుకే ఇడ్లీ అని కొడితే పది రకాల అంకెలు వస్తాయి. బెంగళూరు వాళ్ళ హెల్తీఫై, పాత పేరు హెల్తీఫైమీ, దాంట్లో మన వంటలు ఎక్కువుంటాయి, దోస, ఉప్మా, పప్పు ఇట్లాంటివి దొరుకుతాయి. ఎన్ఐఎన్ వాళ్ళే తెచ్చిన న్యూట్రిఫై ఇండియా నౌ అని ఒకటుంది, దాంట్లో అంకెలు మన దేశపు గింజలు, కూరగాయలు పరీక్ష చేసి తీసినవి, చూడడానికి అంత అందంగా ఉండదు గానీ ఈ మూడింట్లో దాని అంకె మీద నాకు నమ్మకం ఎక్కువ. ఏది వాడినా మన చిత్తూరు తిండి దగ్గర ఇబ్బంది పడతారు. సంగటి ముద్ద ఎంత? మా అత్త పెట్టే ముద్ద నేను పెట్టుకునే ముద్దకు రెండింతలు, దాంట్లో బియ్యం ఎంత, రాగి పిండి ఎంత అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. అనపగింజల కూర, పితికిపప్పు, పచ్చిపులుసు, చెనిక్కాయల ఊరిబిండి, వీటికి సరైన ఎంట్రీ దొరకదు, ఫొటో తీస్తే చెప్పే కొత్త యాప్‌లు కూడా గిన్నెలో నూనె ఎంత పోసినామో చూడలేవు, ఒక్క టీస్పూన్ నూనెకే 40 క్యాలరీలు పైన.

అందుకని నేను చెప్పేది, కడుపుతో ఉన్నప్పుడు క్యాలరీలు రోజూ లెక్కపెట్టొద్దు. నెలకు ఒక్క మూడు రోజులు మాత్రం, ఒకటి ఆదివారం పడేటట్టు, తిన్నదంతా యాప్‌లో ఎక్కించి ప్రొటీన్ ఎంత వచ్చిందో చూసుకోండి. నేను చూసుకుంటే రోజుకు 40 గ్రాములు దాటడం లేదు. మామూలుగా 46 దాకా కావాల, నాలుగో నెల నుంచి దాని మీద 9.5, ఏడో నెల నుంచి 22 గ్రాములు ఎక్కువ కావాల అని ఎన్ఐఎన్ లెక్క. అప్పుడు పొద్దున ఒక గుడ్డు, సాయంత్రం బొరుగులకు బదులు ఉడకబెట్టిన చెనిక్కాయలో అలసందలో గుప్పెడు, రాత్రి గ్లాసు మజ్జిగకు బదులు గిన్నె పెరుగు చేర్చినా, అన్నం ఒక గరిటె తగ్గించినా. రాగులు మానొద్దు, వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని దరిదాపుల్లో కూడా లేదు. ఇట్లాంటి తెలివి కోసం యాప్ మంచిదే, మూడు రోజులకు ఫ్రీ వర్షన్ చాలు, సబ్‌స్క్రిప్షన్ కట్టక్కర్లేదు.

వారం వారం బిడ్డ ఇంత అయింది, నిమ్మకాయంత, మామిడికాయంత అని చూపించే ప్రెగ్నెన్సీ యాప్‌లు చదవడానికి సంతోషంగా ఉంటాయి, మందుల టైం, చెకప్ తేదీ గుర్తుచేయడానికి పనికొస్తాయి, బరువు విషయంలో ఒక గ్రాఫ్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. వీటిలో నేను చూసుకోమనేది మన వివరాలు యాడికి పోతాయని. 2021లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫ్లో అనే యాప్‌తో కేసు రాజీ చేసుకుంది, నెలసరి, గర్భం వివరాలు ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకు అందినాయని దాని మీద ఆరోపణ. లొకేషన్, కాంటాక్ట్స్ అడిగితే వద్దు అని కొట్టండి, బరువు రాసుకోడానికి అవెందుకు.

ఇంకొకటి వాట్సాప్ కోచింగ్. ఇది మన ఊర్లో బాగా పెరిగిపోయింది, కాన్పయిన రెండు నెలలకే ఎవరో ఒకరు గ్రూపులో కలుపుతారు, పొద్దున పొడి కలుపుకుని తాగిన ఫొటో పెట్టాల, సాయంత్రం బరువు ఫొటో పెట్టాల. నన్ను కూడా పెద్దోడు పుట్టినాక ఒక గ్రూపులో చేర్చినారు, నాలుగు నెలల పిల్లోడికి పాలిస్తున్నా అని చెప్పినా రెండు పూటలు అన్నం మానేసి షేక్ తాగమన్నారు, పది రోజులకు కళ్ళు తిరిగి, పాలు తగ్గి, ఏడుస్తా కూర్చున్నా. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. మంచి డైటీషియన్లు ఆన్‌లైన్‌లో లేరని కాదు, ఉన్నారు, డబ్బు పెట్టగలిగితే మనిషి చెప్పే సలహా యాప్ కన్నా వంద రెట్లు మేలు. కానీ చేరే ముందు అడగండి: మీరు ఏం చదివినారు, రిజిస్టర్డ్ డైటీషియనా, నా రక్తం రిపోర్టు చూస్తారా, మా డాక్టరుతో మాట్లాడతారా, ఏమైనా పొడులు అమ్ముతారా. చివరి ప్రశ్నకు అవును అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇప్పుడు కొన్ని చోట్ల బరువు తగ్గే ఇంజెక్షన్లు కూడా ఆన్‌లైన్‌లో చూపిస్తున్నారు, కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు అవి వద్దు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళు కూడా ముందే డాక్టర్ని అడిగి ఆపాల.

మా చెల్లెలు చిత్తూరులో ఉంటుంది, దానికి ఆరో నెలలో షుగరు వచ్చింది. మన దగ్గర 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం చూస్తారు, 140 గానీ దాటితే గర్భం షుగరు అంటారు. దానికి ఏ బరువు యాప్ కన్నా గ్లూకోమీటర్ ఎక్కువ నేర్పించింది. తినకముందు 95 లోపల, తిన్న రెండు గంటలకు 120 లోపల ఉండాలని చెప్పినారు, రాసుకుంటా పోతే ఉగ్గాని తిన్న రోజు ఎంత, రెండు ఇడ్లీ ఒక గుడ్డు తిన్న రోజు ఎంత అని దానికే తెలిసిపోయింది, ఉగ్గాని సగం చేసి పక్కన శనగలు పెట్టుకుంది. చేతికి అంటించుకునే సెన్సర్లు రెండు వారాలు నిలుస్తాయి, వేలల్లో ఖర్చు, ఇన్సులిన్ తీసుకుంటూ షుగరు పైకీ కిందికీ పోయేవాళ్ళకు డాక్టర్ చెప్తే తీసుకోవాల, మిగతావాళ్ళకు వేలు గుచ్చే మెషిన్ చాలు. కాన్పయ్యాక షుగరు పోయిందిలే అని వదిలేస్తారు, ఆరు వారాలకు మళ్ళీ ఆ గ్లూకోజు పరీక్ష చేయించుకోవాల, ఫోన్లో ఇప్పుడే రిమైండర్ పెట్టుకోండి.

ఊర్లో ఉండి డాక్టరు దూరమైనవాళ్ళకు ఈ-సంజీవని ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, వీడియోలో డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు, సొంత ఫోన్లో రాకపోతే ఊర్లో హెల్త్ సెంటర్‌కి పోతే వాళ్ళే కలుపుతారు. బరువు రెండు వారాలుగా పెరగలేదు, ఏం చేయాల, ఈ మాత్ర వేసుకుంటే కడుపు ఉబ్బరం, ఇట్లాంటి ప్రశ్నలకు బాగుంటుంది. బీపీ పెరిగినా, బిడ్డ కదలిక తగ్గినా అది చాలదు, నేరుగా పోవాల, తిరుపతిలో ఉంటే ప్రసూతి ఆసుపత్రికో మీరు చూపించుకునే చోటికో.

ఇంక కాన్పయ్యాక. మొదటి ఆరు వారాలు నా సలహా, బరువుకు సంబంధించిన అన్ని యాప్‌లకు నోటిఫికేషన్ ఆపేయండి. బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి కాన్పు రోజే ఐదారు కిలోలు పోతుంది, తర్వాత నీరు దిగి ఇంకొంచెం పోతుంది, గర్భసంచి మామూలు కావడానికే ఆరు వారాలు పడుతుంది. అప్పుడు మనం పుట్టింట్లో ఉంటాం, అమ్మ పత్యం పెడుతుంది, వెల్లుల్లి కారం, నెయ్యి, కాయం. ఆ చేతి తిండి మీద నాకేం ఫిర్యాదు లేదు, అమ్మ అట్లా చూసుకోకపోతే నేను లేచేదాన్నే కాదు. రెండు విషయాలు మాత్రం మార్పించుకున్నా, బాలింతకు నీళ్ళు ఇవ్వకూడదు అన్నదాన్ని, ఆకుకూరలు వద్దు అన్నదాన్ని. పాలిచ్చేవాళ్ళకు దాహమేసినప్పుడల్లా నీళ్ళు తాగాల, మునగాకు పప్పు, తోటకూర పెట్టించుకోవాల. ఈ రోజుల్లో వాడదగ్గ యాప్ ఒకటే, ఐరన్, కాల్షియం మాత్రలు గుర్తుచేసే అలారం.

ఆరు వారాల చెకప్ అయ్యాక మళ్ళీ ఆ మామూలు మెషిన్ తీయండి. పాలిచ్చేవాళ్ళు వారానికి అర కిలో కన్నా వేగంగా తగ్గాలని చూడొద్దు, నాకు నెలకు ఒక కిలో కూడా తగ్గలేదు చాలాసార్లు, పర్లేదు. ఇప్పుడు క్యాలరీ యాప్ వాడొచ్చు, కానీ పాలిస్తున్నా అని పెట్టుకుని, ఆ 600 కలిపి చూపిస్తోందా అని సరిచూసుకుని. యూట్యూబ్‌లో పొట్ట తగ్గే కసరత్తు వీడియోలు ఆపరేషన్ కాన్పు వాళ్ళు డాక్టర్ సరే అనేదాకా పెట్టుకోవద్దు, నార్మల్ వాళ్ళు కూడా పొట్ట మధ్యలో కండ విడిపోయి బొడ్డు దగ్గర ఉబ్బుగా ఉంటే ఫిజియోథెరపిస్ట్‌కి ముందు చూపించండి. నడక, మూత్రం ఆపుకునే కింద కండరాలు బిగించి వదిలే కసరత్తు, వీటితో మొదలుపెట్టొచ్చు. బిడ్డ పుట్టినందుకు అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు, 3,550 మెట్లవి, వాచ్‌లో నంబర్ చూసి ధైర్యం చేయొద్దు, ముందు నెల రెండు నెలలు కపిలతీర్థం రోడ్డులో రోజూ నడిచి, డాక్టర్‌తో చెప్పి ఎక్కండి, స్వామి ఆగుతాడు.

వరసగా రోజులు తప్పకుండా ఎక్కించాల అని స్ట్రీక్ పెట్టే యాప్‌లు ఈ టైంలో నాకు పడలేదు. రాత్రి మూడుసార్లు లేచి పాలిచ్చి, పొద్దున ఫోన్ తీస్తే నిన్న మీరు తప్పిపోయారు అని వస్తే మనసు ఎట్లా ఉంటుంది చెప్పండి. నిద్ర లేని ఒళ్ళు బరువు దించదు, ఆకలి కూడా ఎక్కువ వేస్తుంది. ఎప్పుడూ ఏడుపు రావడం, బిడ్డ మీద కూడా మనసు పోకపోవడం రెండు వారాలు దాటి ఉంటే బరువు సంగతి వదిలేసి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. తిండి సరిగ్గానే ఉన్నా బరువు కదలకుండా, జుట్టు ఊడుతూ, ఎప్పుడూ నీరసంగా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, కాన్పయిన ఏడాది లోపల అది వచ్చేవాళ్ళు ఉంటారు, యాప్ దాన్ని మీ బద్ధకం కింద లెక్క కడుతుంది.

కాబట్టి మరదలికి చెప్పింది ఇదీ. మూడు యాప్‌లలో డబ్బు అడిగేదాన్ని, 1400 తినమన్నదాన్ని తీసేయించినా. బీఎంఐ దానిది 21.6, 155 ఎత్తుకు 52 కిలోలు, ఐదో నెలకు నాలుగు కిలోలు పెరిగింది, గీతల మధ్యనే ఉంది, కానీ రక్తం, అదే హిమోగ్లోబిన్, 9.8 ఉంది, దానికి బరువు కన్నా అది ముఖ్యం, ఐరన్ మాత్ర టీతో వేసుకుంటోందని అప్పుడు బయటపడింది, మానిపించినా. మామూలు మెషిన్ నేను పంపిస్తున్నా, బీపీ మెషిన్ మా తమ్ముడు కొంటాడు. వాచ్ కావాలని ఉంది దానికి, కాన్పయ్యాక చూద్దాంలే అన్నా. వచ్చే సోమవారం నుంచి బరువు చూసుకుని క్యాలెండర్‌లో రాసి నాకు ఫొటో పెడుతుంది, 9వ తేదీ ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ క్యాలెండర్ కాయితమే చుట్టి తీసుకుపొమ్మన్నా, అక్కడ సిగ్నల్ సరిగ్గా రాదు.